సగం పూత సారు

సగం పూత సారు ఏ పనీ పూర్తిగా చెయ్యడు. చేతకాక కాదు, బద్ధకమూ కాదు. పూర్తిగా చేసేస్తే అది పనికొచ్చిందో లేదో తెలిసేదెలా అని ఆయన ప్రశ్న. లోకంలో దేన్నైనా సగానికే పూసి, సగానికే రాసి, సగానికే రుద్ది, మిగతా సగాన్ని సాక్ష్యంగా అట్టే వదిలెయ్యాలన్నది ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతానికి కర్తా ఆయనే, శిష్యుడూ ఆయనే. బలిపశువులు మాత్రం ఎప్పటికప్పుడు మారుతుంటారు.

నిజానికి తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. ఆయన పనిచేసేది రంగుల ఫ్యాక్టరీలో, పరీక్షల విభాగంలో. కొత్త రంగు ఏది తయారైనా ముందు దాన్ని రేకు పలక మీద సగం వరకే వేస్తారు. రెండో సగం ఉత్తదే. ఆ పలకల్ని ఫ్యాక్టరీ మేడ మీద వాలుగా నిలబెట్టి, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాక దించి, పూసిన సగాన్నీ పూయని సగాన్నీ పక్కపక్కన చూసి తీర్పు చెబుతారు. ఆ తీర్పులు చెప్పీ చెప్పీ ఆయనకి జుట్టు నెరిసింది. సాయంత్రం మేడ దిగి ఇంటికొచ్చేవాడే గాని ఆ మేడ మాత్రం ఆయన తలలోంచి దిగేది కాదు.

అందుకే వాళ్ళింటి వీధి తలుపుకి ఎడమ రెక్క ఆకుపచ్చ, కుడి రెక్క ఒట్టి చెక్క. పార్సిళ్ళు తెచ్చేవాడు ఒక ఇంటికి రెండు వాటాలున్నాయనుకుని రెండు రెక్కలూ విడివిడిగా కొట్టేవాడు. కొత్త పాలిష్ తెస్తే ఆయన ఎడమకాలి బూటు ఒక్కటే తళతళలాడేది. కొత్త సబ్బు తెస్తే చొక్కాకి కుడిచెయ్యి మాత్రమే తెల్లగా ఉండేది. పెళ్ళైన కొత్తలో ఆయన భార్య ముచ్చటపడి, "కూర ఎలా ఉందండీ?" అని అడిగితే, "పక్కన ఉప్పు వెయ్యని కూర లేదే, ఎలా చెప్పను?" అన్నాడట. మర్నాడు ఆవిడ ఉప్పు వెయ్యని కూరే వడ్డించి, "ఇప్పుడు చెప్పండి" అందట. అప్పటినుంచి ఆయన కూరల జోలికి పోలేదు. సిద్ధాంతానికైనా హద్దుండాలి కదా.

ఆ భార్యామణి కూడా తక్కువ మనిషేం కాదు. కళ్ళద్దాల షాపులో ముందు కౌంటరు ఆవిడది. ఆవిణ్ణి ఆ వీధంతా 'అద్దాలమ్మ' అంటుంది. ముక్కు మీద ఫ్రేము నిలవని వాళ్ళకి ముక్కు దగ్గరి ప్యాడ్లు వంచిపెట్టడం, చెవి ఒరుసుకుపోతోందన్న వాళ్ళకి కాడలు వేడిచేసి కాస్త వాల్చడం, కళ్ళద్దాలంటే ఏడ్చే పసివాళ్ళకి ముందు వాళ్ళ బొమ్మకి పెట్టి చూపించడం, ఇవన్నీ ఆవిడ చేతివిద్యలు. వాటన్నింటికీ మించి ఆవిడకో గర్వం ఉండేది.

"కొత్త కళ్ళద్దాలు పెట్టుకున్న ప్రతి మనిషీ ముందుగా చూసేది నా మొహమేరా తమ్ముడూ," అనేది, పై వాటాలో ఉండే తమ్ముడితో. "ఎదురుగా ఉండేది నేనే కదా. ఈ వీధిలో సగం మందికి లోకం స్పష్టంగా మొదలైంది నాతోనే!"

ఆ తమ్ముడు డ్రైవింగు నేర్పుతాడు. రోజంతా పరాయివాళ్ళ చేతిలో స్టీరింగు పెట్టి పక్కన ప్రాణాలు అరచేతిలో పెట్టుకు కూర్చునే ఉద్యోగం కనుక అతనికి దేనికీ ఆశ్చర్యం కలగదు. "నా శిష్యులకి లోకం నాతో ఆఖరవుతుందేమోనని భయం అక్కా," అనేవాడు.

అలాంటి గర్వం మీద ఒకనాడు పిడుగు పడింది. ఏళ్ళ తరబడి గీతలు పడ్డ పాత అద్దాలతో నెట్టుకొస్తున్న ఒక ముసలావిడ కొత్తవి పెట్టుకుంది. రెండుసార్లు కళ్ళు చికిలించింది. అద్దాలమ్మని ఎగాదిగా చూసింది. బుగ్గలు నొక్కుకుంది.

"అయ్యో తల్లీ! నువ్వు నా ఈడుదానివా! మసక కళ్ళతో చిన్నపిల్లవనుకుని ఇన్నాళ్ళూ ఏమే, ఒసే అంటున్నానే! ఏమీ అనుకోకండమ్మా!"

తిట్టినా బాగుండేది. ఆవిడ క్షమాపణ చెప్పింది. పైగా 'అండి' కూడా తగిలించింది.

అద్దాలమ్మ ఆ సాయంత్రం టీ తాగుతూ తమ్ముడికి ఈ సంగతంతా చెప్పి కళ్ళు తుడుచుకుంది. సారు ఆ మూలే కూర్చుని రెండు రకాల బూటు తాళ్ళు చెరో బూటుకి కడుతున్నాడు. తల కూడా ఎత్తలేదు. 'ఈ మనిషికి నా ఏడుపు కన్నా తాడు ముడే ఎక్కువ' అనుకుందావిడ.

ఆనాటినుంచి ఆవిడకి కౌంటరు ముళ్ళకుర్చీ అయింది. ఎవరు కొత్త అద్దాలు పెట్టుకుని తలెత్తినా, 'అదిగో, నా కంటి కింద గీతలు లెక్కపెడుతున్నాడు' అనిపించేది. చెవి దగ్గర ఫ్రేము సరిచేసేటప్పుడు జానెడు దూరంలోకి వంగే మనిషి, చేతులు బారచాచి దూరంనుంచే సరిచెయ్యడం మొదలెట్టింది. దాంతో సగం మంది ఫ్రేములు వంకర పోయాయి. చివరికి యజమాని దగ్గరికెళ్ళి, తనని వెనక గదిలో లెన్సులు అరగదీసే పనికి మార్చమంది.

యజమాని గుండె జారింది. "మీరు వెనక్కి పోతే ముందు నేను నిలబడాలి. నన్ను చూస్తే పిల్లలు ఏడుస్తారండీ!"

"ఎవరైనా చిన్నమ్మాయిని పెట్టుకోండి. నునుపు మొహం ఉన్నదాన్ని."

"లెన్సులు అరగదీసే కొత్త మిషను వస్తోంది. అది వచ్చేదాకా ఆలోచించుకోండి. అప్పటికీ ఇదే మాటంటే వెనక గదిలోనే కుర్చీ వేయిస్తాను."

వెనక గది అంటే రోజంతా మిషను రొద, నీళ్ళ తుంపర, తెల్లటి పొడి, కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. మాట్లాడే మనిషుండడు. మాటల్లేకుండా అద్దాలమ్మ బతకడమంటే చేప చెట్టెక్కి కాపరం పెట్టడమే. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. అందుకే ఒక ఆఖరి ప్రయత్నం చేద్దామనుకుంది. మిషను వచ్చేలోపు మొహం దారికొస్తే కౌంటరు, రాకపోతే వెనక గది. ఫోన్లో చూసి చూసి, ఎవరెవరో నిగనిగల చెంపలవాళ్ళు చెప్పింది విని విని, ఒక పెట్టె తెప్పించుకుంది. అందులో చుక్కలు చుక్కలుగా వేసుకునే పెప్టైడ్ సీరం ఒక చిన్న సీసా, నీళ్ళలో కలుపుకునే కొల్లాజెన్ పొడి ఒక డబ్బా, విటమిన్ మాత్రలు ఒక సీసా.

పెట్టె వచ్చిన వేళ బాగాలేదు. ఆవిడ షాపులో ఉంది, సారు ఇంట్లో ఉన్నాడు. ఆవిడ తలుపు తోసుకుని లోపలికొచ్చేసరికి ఎడమ చెంప నూనె రాసిన దోసపెనంలా మెరిసిపోతూ మొగుడు ఎదురొచ్చాడు.

"అయ్యో! అవి నావండీ!"

"నీవే. కాదన్నానా? రుజువు లేని పూత నీ మొహం మీద పడనిస్తానా? ముందు నా మీద. ఎడమవైపు పూత, కుడివైపు ఉత్తది. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడవనీ. దీని బండారం తేలిపోతుంది."

"వానాకాలం దాకానా! నాకు మిషను వచ్చేస్తోందండీ!"

"పలకకి తొందరేమిటోయ్?"

"పలకకి లేదు. నాకుంది!"

సారు వినిపించుకోలేదు. సీసా మీది అక్షరాలు బావమరిది చేత చదివించుకుంటూ పాఠం అందుకున్నాడు. "చర్మమంటే గోడ అనుకో. కొల్లాజెన్ అంటే లోపలి ఇటుకలు. వయసొచ్చేకొద్దీ ఇటుకలు సడలుతాయి. ఈ పెప్టైడ్లున్నాయే, అవి మేస్త్రీకి వెళ్ళే కబుర్లు. 'ఇక్కడ బీట పడింది, కాస్త ఇటుకలు దింపవయ్యా' అని."

"మేస్త్రీ ఫోనెత్తకపోతే?" అన్నాడు బావమరిది.

సారు సీసా ఎత్తి వెలుగుకి అడ్డం పెట్టాడు. "అదే తేలాలి," అన్నాడు.

ఇహ అక్కణ్ణుంచి ఆ ఇంట్లో మాట్లాడే మాట ఒకటే అయింది: "ఏ వైపు?" పాలు తెచ్చిన మనిషికి ముందు ఎడమ చెంప, తర్వాత కుడి చెంప చూపించి, "ఏ వైపు కుర్రతనం?" అని అడిగేవాడు. ఫ్యాక్టరీ లిఫ్టులో ఎక్కినవాళ్ళకి దిగేలోపు ప్రశ్న పడేది. మంగలి కుర్చీలో కూర్చుని అడిగితే, ఆ మంగలి కత్తి పక్కన పెట్టి, రెండు చెంపలూ తడిమి, "రెండూ తమరివేనా సార్?" అన్నాడు. సారు దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఒక చెంపకే ఎండ తగిలి పరీక్ష పాడవుతుందని, ఒకరోజు ఎడమవైపు కిటికీ, మర్నాడు కుడివైపు కిటికీ. కిటికీ సీటు దొరక్కపోతే బస్సు వదిలేసేవాడు. దిండుకి ఒక చెంపే ఒరుసుకుంటుందని అటు తిరిగీ ఇటు తిరిగీ పడుకునేవాడు. మొగుడు పెనం మీది చపాతీలా తిరుగుతుంటే పక్కన అద్దాలమ్మకి నిద్రెక్కడిది? నిద్ర లేకపోయేసరికి కంటి కింద నలుపు. ఆ నలుపు చూసుకుని ఆవిడకి మరింత దిగులు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర మొహం చూసి హాజరు వేసే మిషను ఒకటుంది. ఒక సాయంత్రం సారు గాల్లో తేలుతూ ఇంటికొచ్చాడు.

"మిషను నన్ను గుర్తుపట్టలేదోయ్! 'ఈ వ్యక్తి ఎవరో తెలియదు' అంది! అంతలా మారిపోయాను!"

బావమరిది ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. సారు మిషనుకి ఎడమ చెంప ఒక్కటే చూపించి నిలబడ్డాడు. ముక్కు సగమే కనబడితే మిషను మాత్రం ఏం చేస్తుంది? ఆ రోజు ఆయనకి సగం పూట సెలవు పడింది. "సగమే కదా బావా, నీకు అచ్చొచ్చిన లెక్కే," అన్నాడతను.

సీరం సంగతి అలా సాగుతుండగా మాత్రల దగ్గర చిక్కొచ్చింది. మింగిన మాత్రకి ఎడమా కుడీ తెలియదు కదా. కలుపుకు తాగిన పొడిని "నువ్వు ఎడమ బుగ్గకే పో" అని ఆజ్ఞాపించలేం. కనుక పూత లేని పలక ఇంకొకటి కావాలి. సారు చూపు బావమరిది మీద పడింది.

"నేను మాత్రలు వేసుకుంటాను. నువ్వు వేసుకోకూడదు. అంతే నీ పని."

"ఏమీ చెయ్యకపోవడమే పనా? ఇంత మంచి ఉద్యోగం నాకు ముందెందుకివ్వలేదు బావా?"

తీరా చేరాక గాని ఆ ఉద్యోగంలో కష్టం తెలియలేదు. అతను బత్తాయి ఒలుచుకుంటే సారు ఊడలాక్కునేవాడు. "అందులో విటమిన్ ఉంది! పలక పాడవుతుంది!" నిమ్మకాయ వాసన చూసినా అనుమానమే. ఒకసారి అతను నాలుగురోజులు పొరుగూరు వెళ్ళొస్తే, గుమ్మంలోనే నిలబెట్టి, "నోరు తెరు, ఏం తిన్నావు?" అని అడిగాడు.

కొన్నాళ్ళకి బావనీ బావమరిదినీ కిటికీ దగ్గర పక్కపక్కన నిలబెట్టి చూడమని అద్దాలమ్మకి పురమాయింపు వచ్చింది. ఆవిడ చూసింది. బావమరిది మొహం కళకళలాడుతోంది. సారు మొహం వానకి వెలిసిన గోడలా ఉంది.

"పూత లేని పలకకి మెరుపెలా వచ్చింది?" సారు గుడ్లురిమాడు.

బావమరిది నసిగాడు. "నీ మాత్రల సీసా పక్కనే రోజూ నా టీ కప్పు పెడతారు. టీతో పాటు ఏదో ఒకటి నోట్లో వేసుకోకపోతే నాకు తోచదు బావా. నువ్వేమో వేసుకోవడం మర్చిపోతున్నావు. పారేసుకోవడం ఎందుకని..."

"అంటే ఇన్నాళ్ళూ ఉత్త పలక నేనా!"

"ఆ మెరుపు మాత్రలది కూడా కాదులే బావా. పొద్దున ఒకమ్మాయి బండిని మడుగులోకి దించింది, ఇప్పుడే మొహం కడుక్కున్నాను."

ఇద్దరూ నవ్వేశారు. ఆ నవ్వులో అద్దాలమ్మ కలవలేదు. "బాగుంది," అంది. "నేను తెప్పించుకున్న మాత్రలు మీరిద్దరూ కలిసి మింగేశారు. సీసాలో సీరం అడుగంటింది. రేపో మాపో మిషను వస్తుంది, నేను వెళ్ళి ఆ గదిలో కూర్చుంటాను. మీరు ఇక్కడ పలకలాట ఆడుకోండి."

సారు నెమ్మదిగా సీసాకి మూత బిగించాడు. "ఇంకో నాలుగు రోజులు ఓపిక పట్టు. పరీక్ష మధ్యలో ఆపకూడదు."

"మీ పరీక్ష మీ దగ్గరే పెట్టుకోండి!" అని ఆవిడ తలుపు ధడాలున వేసుకుంది. ఏ రెక్క వేసుకుందో మాత్రం ఎవరూ గమనించలేదు.

ఆ మర్నాటినుంచి షాపులో ఒక వింత మొదలైంది. కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని బయటికెళ్ళినవాళ్ళు పక్కనున్న మందుల షాపు పందిరి కింద ఆగిపోతున్నారు. ఆగి, దేన్నో పట్టిపట్టి చూసి, పకాలున నవ్వి వెళ్తున్నారు. ఫ్రేము మర బిగించుకోవడానికి వెనక్కొచ్చిన ఒకాయన, "బయటెవరో ఒకాయన సగం సగం మొహం చూపించి పరీక్ష పెడుతున్నాడమ్మా. మనిషి మంచివాడే అంటారా?" అని అడిగాడు.

అద్దాలమ్మ గాజు తలుపులోంచి చూసింది. పందిరి కింద ఎడమ చెంప నిగనిగ.

"ఎవరో నాకు తెలియదండీ," అంది గబుక్కున.

కానీ ఎంతసేపని? మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. ఫ్యాక్టరీ దిగడం, పందిరి కింద నిలబడడం. ఇంట్లో పరువు పోయింది, లిఫ్టులో పోయింది, మంగలి షాపులో పోయింది. మిగిలింది ఈ షాపు ఒక్కటే, ఇక్కడా తీసేస్తున్నాడు. వెనక గదికి వెళ్ళేముందు ఈ కాస్త మర్యాదైనా దక్కనివ్వడా? ఆవిడ మరలు బిగించే చిన్న స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకునే విసవిసా బయటికొచ్చింది.

సారు ఇటు వీపు పెట్టి ఉన్నాడు. ఆయన ఎదురుగా ఒక బొద్దుపాటి మనిషి, ఇంతకుముందే ఆవిడ చేతులమీదుగా కొత్త ఫ్రేము పెట్టుకుని వెళ్ళినవాడు, కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

"కుడి వైపు! కాదు కాదు, ఎడమ! ఏమో సార్, నాకు రెండూ మా మావయ్యలాగే ఉన్నాయి!"

"సరే, అది వదిలెయ్యండి," అన్నాడు సారు. "ఇంకొక్క ప్రశ్న. లోపల మీకు అద్దాలు పెట్టిందే ఆవిడ, ఆవిడ మొహం మీద ముడతలు ఎక్కడెక్కడున్నాయో చెప్పండి చూద్దాం."

అద్దాలమ్మ అడుగు అక్కడే ఆగిపోయింది. స్క్రూడ్రైవరు చేతిలో బిగుసుకుంది.

"ముడతలా?" బొద్దుపాటి మనిషి తల గోక్కున్నాడు. "చూళ్ళేదే."

"ఎలా చూళ్ళేదండీ? కొత్త కళ్ళద్దాలయ్యె! ఆవిడ మీకు ఎదురుగా ఉందయ్యె!"

"ఉంది. కానీ పక్కనే నిలువుటద్దం ఉంది కదయ్యా! ఈ ఫ్రేములో నేనెలా ఉన్నానో చూసుకుంటున్నాను. ఇదిగో, ఇక్కడ గడ్డం కింద ఈ మడత ఎప్పటినుంచుందో నాకే తెలియదు! ఇంకొకళ్ళ ముడతలు చూసే తీరికెక్కడిది?"

అతను గడ్డం తడుముకుంటూ దిగులుగా వెళ్ళిపోయాడు. అంతలో ఇంకో ఆవిడ వచ్చింది, చేతిలో కొత్త కళ్ళద్దాల పెట్టెతో. సారు రెండు చెంపలూ చూపించాడు, ఆవిడ నవ్వింది, కుడి అంది. తర్వాత రెండో ప్రశ్న పడింది.

"అద్దాలమ్మకా? ముడతలా?" ఆవిడ కళ్ళు మూసుకుని గుర్తు చేసుకోబోయింది. "నా ముక్కు ఈ ఫ్రేములో మరీ పెద్దదిగా ఉందా అని చూసుకుంటున్నానండీ. ఆవిడ ఏదో అడుగుతూనే ఉంది, నేను ఊ కొడుతూనే ఉన్నాను. ఏమీ అనుకోకండి గాని, ఆవిడకో మొహం ఉందన్న సంగతి మీరడిగేదాకా నాకు తట్టనే లేదు!"

అద్దాలమ్మకి ఒక్క క్షణం ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళుగా ఇంతమందికి లోకం తనతో మొదలైందనుకుందే! మొదలైంది తనతో కాదట, ఎవరి ముక్కుతో వాళ్ళకట! మరుక్షణం లోపలెక్కడో కితకిత పెట్టినట్టయి, వద్దనుకున్నా నవ్వు తన్నుకొచ్చింది. ఆ నవ్వుకి సారు వెనక్కి తిరిగాడు. పట్టుబడ్డ దొంగలా ఎడమ చెంప చేత్తో కప్పుకున్నాడు.

"నా ముడతల మీద వీధిలో ఓటింగు పెట్టారా!"

"ఓటింగు కాదోయ్, పరీక్ష. ఎవరో ఒక్కావిడ అన్న మాటకి నువ్వు కౌంటరు వదిలేస్తానంటున్నావు. ఒక్క పలక చూసి ఏ రంగునైనా పారేస్తామా మేం? పక్కన ఇంకో పలక పెట్టొద్దూ?"

"ఆ రోజు నేను తమ్ముడితో చెప్పింది మీరు విన్నారా?"

"ఆ మూలే కూర్చుంటే వినబడదా? ఎడమ తాడు ముడి కూడా ఊడిపోయింది."

"అయితే ఆ మాటేదో నాతోనే అనొచ్చుగా! 'నీ ముడతలెవరూ చూడ్డం లేదే' అని!"

"అంటే నమ్ముతావా? నేను మొగుణ్ణి. నా మాట పక్కన పోల్చి చూడ్డానికి ఏముంది?" అన్నాడు సారు. తర్వాత కాస్త గొంతు తగ్గించాడు. "వీధిలో నిలబడి ఒక ఆడమనిషి ముడతల గురించి అడిగితే తంతారు కదా. అదే నా మొహం సగం సగం చూపించి నవ్విస్తే ఆగుతారు. నవ్వినవాళ్ళు అబద్ధమాడరు. అప్పుడు నీ సంగతి అడుగుతాను. అలా నవ్వించడం రావడానికే ఇంత సాధన పట్టింది. పాలమనిషి దగ్గరా, మంగలి దగ్గరా, లిఫ్టులో..."

అద్దాలమ్మ స్క్రూడ్రైవరు వెనక్కి దాచేసింది. ఇన్నాళ్ళూ లోకమంతా చూసి నవ్వింది ఈయన చెంపల్ని. ఇక తన చెంపల మీదికి ఎవరి చూపైనా ఎందుకు పోతుంది?

"ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు చెప్పలేకపోయారోయ్," అన్నాడాయన. "ఒకాయన మాత్రం ఆవిడకి మీసం ఉందన్నాడు. ఆయన చూసింది అద్దంలో తన్నే."

"మరి సీరం సంగతి? మీ ఎడమా కుడీ?"

సారు మొహం రెండు వైపులా ఒక్కసారే వెలిగింది. "అడిగినవాళ్ళలో సగం మంది ఎడమ అన్నారు, సగం మంది కుడి అన్నారు. నా సర్వీసులో ఇంత చక్కటి సగం ఎన్నడూ పడలేదు! అయినా వానాకాలం మిగిలే ఉంది, ఇప్పుడే ఏమీ అనకూడదు."

ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుని షాపులోకి లాక్కొచ్చింది. యజమాని లేచి నిలబడి చేతులు నలుపుకున్నాడు. "మిషను రేపొస్తోందండీ. మరి... వెనక గదిలో కుర్చీ..."

"వెయ్యించండి. ఆ నునుపు మొహం అమ్మాయి ఎవరైనా దొరికితే అందులో కూర్చోబెట్టండి. ఈ కౌంటరు నాది," అంది అద్దాలమ్మ. "ముందు ఈయన కళ్ళు చూడాలి, తప్పుకోండి."

"నా కళ్ళకేం? గద్ద కళ్ళు!" అన్నాడు సారు. "ఫ్యాక్టరీలో మెరుపు కొలిచే మిషనే ఉంది, నేను చూసేదేముంది?"

"అదే నా అనుమానం."

దీపం కిందే చీకటంటారు. ఊరందరికీ చూపు సరిచేసే మనిషి మొగుడు తన చత్వారం సంగతి ఏళ్ళ తరబడి దాటవేస్తూ వచ్చాడు. ఆవిడ స్టూలు లాగి కూర్చోబెట్టి, ముక్కు మీద ట్రయల్ ఫ్రేము పెట్టి, ఒక లెన్సు తీసి ఇంకొకటి వేసి, అక్షరాల అట్ట చేతికిచ్చి చదివించింది. ఆయన గడగడా చదివేశాడు. ఆ సంతోషంలో తలెత్తి పక్కనున్న నిలువుటద్దం చూశాడు.

చూస్తూనే స్టూలు ముందుకి జరుపుకున్నాడు.

"ఎవరోయ్ ఈయన?"

"మీరే."

"నేనా! ఇన్ని గీతలా! ఇదిగో, ఎడమవైపు... కుడివైపు కూడా... ఇన్నాళ్ళూ ఈ మొహం పెట్టుకునా నేను అందర్నీ కుర్రతనం అడిగాను?"

యజమాని నవ్వాపుకోలేక లోపలికి పోయాడు. అద్దాలమ్మ ఫ్రేము కాడ సరిచెయ్యడానికి ఆయన చెవి దగ్గరికి, సరిగ్గా జానెడు దూరంలోకి వంగింది. చాలా రోజుల తర్వాత ఆవిడ ఒకరి మొహానికి అంత దగ్గరగా వంగడం. వంగి, నెమ్మదిగా, ఇంకెవరికీ వినబడకుండా అడిగింది.

"ఇప్పుడు కళ్ళు బాగా కనబడుతున్నాయి కదా. చెప్పండి, నా మొహం ఎలా ఉంది?"

సారు గడ్డం పైకెత్తాడు. ఎడమకి తిప్పాడు, కుడికి తిప్పాడు. అద్దంలోంచి చూపు మరల్చలేదు.

"ఉండవోయ్," అన్నాడు. "ముందు నన్ను చూసుకోనీ!"